దీపం కంటే గోడ వెలగకూడదు

క్రిందటి సంక్రాంతి సంబరాల్లో హాలు గుమ్మం దగ్గర పిల్లల ముగ్గుల పోటీ పక్కన ఒక బల్ల మీద కొన్ని ఫోటోలు పెట్టారు, గుర్తుందా? వాటిలో ఎర్రటి మబ్బు రెక్కలు చాచినట్టు ఉన్న ఫోటో నాది. చూసినవాళ్ళు చాలామంది నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది, "ఇది నిజంగా మీరు తీసిందేనా, ఇంటర్నెట్టులో దింపారా?" రెండోది, "ఆకాశంలో నిజంగా ఇలాగే ఉంటుందా, లేక కంప్యూటర్లో ఏమైనా చేశారా?"

మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నేనే తీశాను. రెండో ప్రశ్నకి చేతిలో పులిహోర పళ్ళెం పట్టుకుని నిలబడి జవాబు చెప్పడం కుదరలేదు. సంపాదకులు "అదేదో రాసి ఇవ్వండి" అన్నారు. నేను వృత్తికి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని, రచయితని కాను. తప్పులుంటే మన్నించండి.

ముందు ఆ మబ్బు సంగతి. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది గంటలకి మన ఒహాయోలో బయటికి వచ్చి దక్షిణం వైపు చూస్తే వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. ఇంగ్లీషు వాళ్ళు వాటిని ఒరయన్ నడికట్టు అంటారు. మన పురాణాల్లో ఆ ప్రాంతమంతా ఒక లేడి. పైనున్న చిన్న చుక్కల గుంపు దాని తల, అదే మృగశిర. ఎడమ వైపు ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. కింద ఎడమ వైపు ఆకాశంలోకల్లా కాంతివంతంగా ఉన్న చుక్క మృగవ్యాధుడు, అంటే వేటగాడు. మూడు చుక్కలూ ఆ వేటగాడు వేసిన బాణం. ఆ మూడు చుక్కల కింద ఇంకో చిన్న చుక్కల వరస వేలాడుతూ ఉంటుంది. దాని మధ్యలో ఉన్నది మాత్రం చుక్కలా సూటిగా మెరవదు. కొంచెం అలుక్కుపోయినట్టు ఉంటుంది. అదే ఒరయన్ నీహారిక. ఛార్లెస్ మెసియే అనే ఫ్రెంచి ఆయన 1769లో తన జాబితాలో 42వ నంబరు ఇచ్చాడు కనుక ఎం 42 అని పిలుస్తారు.

అది మనకి సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఈ రాత్రి మీ కంట్లో పడే ఆ వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు మన వేంగిలో తూర్పు చాళుక్యులు రాజ్యం చేస్తున్నారు. అది ఉత్త మబ్బు కాదు, నక్షత్రాలకి పురిటిగది. మధ్యలో ట్రపీజియం అనే నాలుగు పసి నక్షత్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటిలో పెద్దది మన సూర్యుడి కంటే ఆరు రెట్లకు పైగా వేడి. దాని అతినీలలోహిత కిరణాలు తగిలి చుట్టూ ఉన్న హైడ్రోజన్ ఎర్రగా, ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ వెలుగు బయటికి పోతున్న కొద్దీ పల్చబడి, చివరికి నల్లటి ధూళిలో కలిసిపోతుంది. మొత్తం మబ్బు ఆకాశంలో పున్నమి చంద్రుడికి రెండింతలకు పైగా వెడల్పు ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ మధ్యభాగానికీ బయటి రెక్కల అంచులకీ వెలుగులో వేల రెట్ల తేడా.

చూరు కింద బిందెలు

కెమెరా ఎలా పనిచేస్తుందో మన ఊరి వానతో చెప్తాను. పెంకుటింట్లో వాన పడుతున్నప్పుడు వాకిట్లో వంద చెంబులు పెట్టారనుకోండి. చూరు కింద పెట్టినవి క్షణంలో నిండి పొర్లిపోతాయి. చెట్టు కింద పెట్టినవాటిలో అడుగు కూడా తడవదు. కెమెరాలో ఉండే సెన్సారు మీద ఇలాంటి చెంబులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటిలో పడేది వెలుగు. ఎంతసేపు వాన పట్టామన్నదే ఎక్స్‌పోజర్.

చెట్టు కింద చెంబులో కొలవగలిగినన్ని నీళ్ళు పడేదాకా ఆగితే చూరు కింద చెంబు ఎప్పుడో నిండి పొర్లిపోయి ఉంటుంది. నిండిన చెంబుని చూసి "ఇక్కడ ఎంత వాన పడింది?" అంటే జవాబు లేదు. చెంబెడు అనే చెప్పగలం. ఫోటోలో దాన్నే తెల్లగా కాలిపోవడం అంటాం. పోనీ చూరు కింద చెంబు నిండకముందే ఆపేస్తే, చెట్టు కింద చెంబులో నాలుగు చుక్కలే ఉంటాయి. ఆ నాలుగు చుక్కలు వానవో, చెంబు కడిగినప్పటి తడో తెలియదు.

మరి తక్కువ సేపటి ఫోటోలే వేలకొద్దీ తీసి కూడితే సరిపోదా అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. కొంతవరకే సరిపోతుంది. చెంబు ఎత్తి కొలిచిన ప్రతిసారీ కొంచెం తొణుకుతుంది. సెన్సారు నించి అంకె చదివిన ప్రతిసారీ కొంత రొద కలుస్తుంది. బాగా పల్చటి వెలుగు ఆ తొణుకులో కలిసిపోతుంది. అందుకని పల్చటి భాగాలకి పొడుగాటి ఎక్స్‌పోజర్లు కావాలి, కాంతివంతమైన భాగాలకి పొట్టివి కావాలి. రెండూ తీసి కలపాలి.

ఈ కష్టం నాది ఒక్కడిదే కాదు. ఈ నీహారికని మొట్టమొదట ఫోటో తీసినవాడు హెన్రీ డ్రేపర్, న్యూయార్కులో. మన డాక్టరు మిత్రులు సంతోషించవచ్చు, ఆయన వైద్యం చదువుకున్నవాడు. 1880 సెప్టెంబరు 30న 51 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి తీశాడు. 1882 మార్చిలో 137 నిమిషాలిచ్చి మళ్ళీ తీస్తే బయటి మబ్బు ఇంకా చాలా దూరం కనిపించింది. ఆ ఏడాది నవంబరులోనే, 45 ఏళ్ళకే, పోయాడు. అక్కడి నించి 2006లో హబుల్ దుర్భిణి వాళ్ళు 520 ఫోటోలు అతికి పెద్ద చిత్రం తయారు చేసేదాకా, ఈ మబ్బు మీద కెమెరా పెట్టిన ప్రతివాడూ ఈ మధ్యభాగంతో కుస్తీ పట్టవలసిందే.

నాన్నగారి రాక

ఇప్పుడు కొంచెం సొంత గొడవ. మా నాన్నగారికి తణుకులో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, స్కూలు గ్రూపు ఫోటోలు, పెళ్ళిళ్ళు. నా చిన్నతనంలో వంటింటి వెనక చీకటి గది ఆయన లోకం. ఎర్ర బల్బు, హైపో వాసన, తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన ఫోటోలు. డిజిటల్ కెమెరాలు వచ్చాక 2006లో స్టూడియో మూసేశారు. మూసేశానని నాకు ఫోన్లో ఒక్క వాక్యంలో చెప్పారు. నేను అప్పటికే అమెరికాలో, కెమెరాల్లో వాడే చిప్పుల కంపెనీలో పని చేస్తున్నాను. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

2022లో అమ్మ పోయింది. ఆ నవంబరులో బలవంతం మీద నాన్నగారిని ఇక్కడికి తీసుకొచ్చాను. మీలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. పొద్దున్న కాఫీ, తరవాత టీవీ, కిటికీలోంచి మంచు చూడ్డం. మా శ్రీమతి ఆయనకిష్టమైన పనసపొట్టు కూర డబ్బాలోంచి తీసి వండి పెట్టినా "బాగుందమ్మా" అనేవారు, అంతే. అమ్మ పేరు ఎత్తేవారు కాదు. మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

డిసెంబరులో ఒక రాత్రి నేను అప్పటికి తీసిన ఒరయన్ ఫోటోని టీవీ మీద పెట్టి చూపించాను. మూడేసి నిమిషాల ఎక్స్‌పోజర్లన్నీ కలిపినది. రెక్కలు బ్రహ్మాండంగా వచ్చాయి. మధ్యలో మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చ. నాకు ఆఫీసులో అందరూ మెచ్చుకున్న ఫోటో అది. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"మధ్యలో కాలిపోయింది కదరా" అన్నారు.

"అవును నాన్నగారూ, అక్కడ వెలుగు ఎక్కువ. కెమెరాకి పట్టదు."

"మధుపర్కాలకీ పట్టేది కాదు. మేం తెప్పించేవాళ్ళం" అని లేచి పడుకోడానికి వెళ్ళిపోయారు.

ఇండియా నించి వచ్చాక ఆయన మాట్లాడిన పొడుగాటి వాక్యం అదే.

చొల్లంగి అమావాస్య

కొలంబస్ నించి గంట ప్రయాణంలో హాకింగ్ హిల్స్‌లో జాన్ గ్లెన్ ఖగోళ పార్కు ఉంది. 2018లో కట్టారు. చుట్టూ అడవి, చీకటి బాగుంటుంది. జనవరిలో చొల్లంగి అమావాస్య నాడు బయలుదేరాను. ఆ పేరు నాకు నాన్నగారే గుర్తు చేశారు. ఆయన వస్తానంటారని నేను అనుకోలేదు. మంకీ టోపీ, రెండు స్వెట్టర్లు, నా పాత స్నో జాకెట్టు వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. మా శ్రీమతి "మామయ్యగారికి చలి చేస్తే వెంటనే వచ్చెయ్యండి, మీ చుక్కలెక్కడికీ పోవు" అని ఫ్లాస్కులో అల్లం టీ పోసి ఇచ్చింది. పన్నెండేళ్ళ మా అమ్మాయి వెనక సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుంది.

కారు దిగగానే నాన్నగారు ఆకాశం చూసి, "ఇదేమిట్రా, మనూళ్ళో నడినెత్తికి దగ్గర్లో ఉండేది, ఇక్కడ ఇంత కిందకి దిగిపోయింది?" అన్నారు. నిజమే. తణుకులో అయితే దాదాపు 70 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఇక్కడ 45 దాటదు. మనమే భూగోళం మీద అంత పైకి ఎక్కి వచ్చాం.

నా సరంజామా పెద్దదేమీ కాదు. 80 మిల్లీమీటర్ల కటకం ఉన్న దుర్భిణి, దాని వెనక ఒక మామూలు డిజిటల్ కెమెరా, ఆకాశంతో పాటు తిరిగే మోటారు స్టాండు. చుక్కలు గంటకి 15 డిగ్రీలు జరుగుతాయి కనుక స్టాండు తిరక్కపోతే చుక్కలు గీతలవుతాయి. ఆ రాత్రి తీసినవి ఇవి. 180 సెకండ్లవి 36. 30 సెకండ్లవి 30. 5 సెకండ్లవి 40. అన్నీ ఐ.ఎస్.ఓ. 800 దగ్గరే. ఒకే రకానివి అన్నేసి ఎందుకంటే, 36 ఫోటోలు సగటు చేస్తే రొద ఆరో వంతుకి తగ్గుతుంది. దారిన పోయే విమానాల గీతలూ సగటులో బాగా పల్చబడతాయి. చివర్లో దుర్భిణికి మూత పెట్టి అదే చలిలో అంతేసి సేపు చీకటి ఫోటోలు కూడా తీయాలి. సెన్సారు తనంతట తాను కల్పించే వెలుగెంతో తెలిస్తే దాన్ని తీసెయ్యొచ్చు.

నాన్నగారు ప్రతి ఎక్స్‌పోజరుకీ పెదవి కదుపుతూ సెకండ్లు లెక్కపెట్టడం చీకట్లో నాకు వినిపించింది. చీకటి గదిలో గడియారం చూడకుండా లెక్కపెట్టే అలవాటు ఆయనది.

అట్టముక్క

ఇంటికొచ్చి మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. అవి మూడు కట్టల ఫోటోల్నీ చుక్కకి చుక్క సరిపెట్టి సగటు చేసి మూడు చిత్రాలిస్తాయి. పొడుగుదాంట్లో రెక్కలున్నాయి, మధ్య కాలిపోయింది. పొట్టిదాంట్లో ట్రపీజియం నాలుగు చుక్కలూ విడివిడిగా ముత్యాల్లా ఉన్నాయి, చుట్టూ అంతా నలుపు. నడిమిది రెంటికీ మధ్య వంతెన.

నేను చేసిన పని ఏమిటంటే, మూడింటినీ విడివిడిగా కంటికి బాగున్నంత మేరకి వెలిగించి, ఫోటోషాపులో ఒకదాని మీద ఒకటి పేర్చాను. పొడుగుదాంట్లో కాలిపోయిన చోట ఒక ముసుగు కత్తిరించి, ఆ కంతలోంచి కిందనున్న నడిమిది కనిపించేలా, దాని మధ్యలో ఇంకో కంతలోంచి పొట్టిది కనిపించేలా చేశాను. గంటన్నరలో అయిపోయింది. అందరికన్నా ముందు నాన్నగారికే చూపించాను.

ఆయన లేచి టీవీ దగ్గరకెళ్ళి మధ్యభాగం చుట్టూ వేలితో ఒక వలయం గీశారు. "ఈ గీత ఆకాశంలో ఉందా?"

దగ్గరికెళ్ళి చూశాను. నిజంగానే ట్రపీజియం చుట్టూ సన్నటి బూడిద రంగు వలయం. నేను ఆ రోజంతా చూస్తూ కూడా చూడలేదు.

"అట్ట ఆపేశావు" అన్నారు. "అట్ట కదుపుతూ ఉండాలిరా. ఒక్కచోట ఆపితే అంచు పడుతుంది."

ఇది అర్థం కావాలంటే పాత పద్ధతి చెప్పాలి. పెళ్ళి ఫోటోలో పీటల మీద దంపతులిద్దరూ తెల్ల మధుపర్కాల్లో ఉంటారు. ఫ్లాష్ పడితే ఆ తెల్ల బట్ట నెగెటివు మీద బాగా దట్టంగా పడుతుంది, మొహాలు పల్చగా పడతాయి. ఆ నెగెటివులోంచి బ్రోమైడు కాగితం మీదకి వెలుగు పంపితే, మొహాలు సరిగ్గా వచ్చే వేళకి బట్ట ఉత్త తెల్ల కాగితంలా మిగిలిపోతుంది. ఎర్రంచు, మడతలు ఏవీ ఉండవు. బట్ట వచ్చేదాకా ఆగితే మొహాలు నల్లబడిపోతాయి. అంచు కనిపించకపోతే ఆడపెళ్ళివారు ఊరుకోరు, మొహం నల్లబడితే ఎవరూ ఊరుకోరు. అందుకని ముందు మొహాలకి కావలసినంత వెలుగిచ్చి, తరవాత మధ్యలో చిల్లు ఉన్న అట్టముక్క అడ్డం పెట్టి, ఆ చిల్లులోంచి బట్ట మీదకి మాత్రం ఇంకొన్ని సెకండ్లు వెలుగు పంపేవారు. ఆ అట్టని ఆపకుండా కొద్దికొద్దిగా ఊపుతూ ఉండాలి. ఊపకపోతే చిల్లు అంచు ఫోటోలో పడుతుంది.

ఫోటోషాపు ముసుగు అంటే ఆ చిల్లుల అట్టే. నా ముసుగు అంచు పది పిక్సెళ్ళలో తెగిపోయింది. దాన్ని అరవై డెబ్భై పిక్సెళ్ళ మేర పల్చగా అలికితే అట్టని ఊపినట్టు.

ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ అనే ఆయన 1970ల్లో ఇదే నీహారికకి ఇలాంటి పనే చీకటి గదిలో చేశాడని అప్పుడు నాన్నగారికి చెప్పాను. గాజు పలక మీది నెగెటివుకి కావాలనే మసకగా ఒక పాజిటివు కాపీ తీసి, రెండూ కలిపి పెట్టి ప్రింటు వేసేవాడు. మధ్యభాగం, రెక్కలు రెండూ ఒకే కాగితం మీదకి వచ్చేవి. నాన్నగారు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే ఫోటోనే అట్టముక్క చేసుకున్నాడన్నమాట. గట్టివాడే" అన్నారు. మొహంలో చాలా రోజుల తరవాత చిన్న నవ్వు.

ఇది చీటింగా?

అక్కడితో అయిపోలేదు. "ఇంకో తప్పుంది" అన్నారు. "మధ్యలో దీపాలున్నాయి, ఆ వెలుగే చుట్టూ పడిందని కదా నువ్వు చెప్పావు? నీ ఫోటోలో దీపం కంటే గోడ ఎక్కువ వెలుగుతోంది."

మళ్ళీ చూశాను. మధ్యభాగంలో వివరాలు బాగా కనిపించాలనే ఆత్రంలో పొట్టి చిత్రాన్ని అంత తక్కువగా వెలిగించాను. రెక్కలు దానికంటే తెల్లగా ఉన్నాయి. వలయమంటే చేతి పొరపాటు. ఇది అలా కాదు. ఇది అబద్ధం. ఎక్కడి నించి వెలుగు వస్తోందో ఆ సంగతినే తలకిందులు చేశాను.

తప్పు మూలం తరవాత తెలిసింది. మూడు చిత్రాల్నీ విడివిడిగా కంటికి నచ్చినట్టు వెలిగించి, ఆ తరవాత కలిపాను. ముందు కొలతలు కలపాలి. 5 సెకండ్లలో పడిన వెలుగుని 36తో గుణిస్తే 180 సెకండ్లలో పడవలసిన వెలుగొస్తుంది. 30 సెకండ్లదాన్ని 6తో గుణించాలి. అప్పుడు మూడూ ఒకే కొలబద్ద మీదకి వస్తాయి. పొడుగుదాంట్లో నిండి పొర్లిన చెంబుల స్థానంలో మాత్రమే పొట్టివాటి లెక్క పెట్టాలి. అతుకు దగ్గర రెండు లెక్కలూ సరిపోతాయి కనుక వలయం కూడా పెద్దగా పడదు. ఆ తరవాతే మొత్తాన్ని ఒకేసారి, టీవీకి, కాగితానికి పట్టేలా నొక్కాలి. నొక్కినప్పుడు తేడాలు తగ్గొచ్చు కానీ వరస మారకూడదు. ఎక్కువ వెలిగేది ఎక్కువగానూ, తక్కువ వెలిగేది తక్కువగానూ మిగలాలి.

ఇదంతా వింటున్న మా అమ్మాయి, "తాతయ్యా, మూడు ఫోటోలు కలిపి ఒకటే ఫోటో అని చెప్పడం చీటింగ్ కదా?" అంది. దానికి స్కూల్లో అప్పుడే సైన్సు ఫెయిరు నియమాలు చెప్పారు. అంకెలు దిద్దకూడదని.

నాన్నగారు జవాబు చెప్పలేదు. లోపలికెళ్ళి పెట్టెలోంచి ఒక కవరు తెచ్చారు. అందులో ఆయనదీ అమ్మదీ పెళ్ళి ఫోటో, నలుపు తెలుపు, 1976. ఇండియా నించి తెచ్చుకున్నారని మాకెవరికీ తెలియదు.

"ఇది మా గురువుగారు తీశారు. ప్రింటు మాత్రం నేనే వేసుకున్నాను. మీ నానమ్మ మొహం, మధుపర్కం అంచు, రెండూ రావడానికి ఏడు కాగితాలు పాడయ్యాయి. ఇందులో చీటింగ్ ఎక్కడుందో చూపించు."

అది ఫోటోని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. బట్ట మీద మడతలన్నీ ఉన్నాయి. తల వంచుకున్న అమ్మ మొహంలో సిగ్గు కూడా ఉంది.

"ఆ రోజు రెండూ అక్కడ ఉన్నవే" అన్నారు నాన్నగారు. "కాగితానికి ఒకేసారి పట్టవు. అంతే. లేని నగ పెడితే చీటింగ్. కొంతమంది పెట్టమని అడిగేవారు కూడాను. మీ నానమ్మకి మెళ్ళో ఆ రోజు నల్లపూసలూ ఒక్క గొలుసూ తప్ప ఏమీ లేవు. ఫోటోలోనూ లేవు."

ఆ తరవాత గంటసేపు అమ్మ గురించి చెప్పారు. పెళ్ళయిన కొత్తలో చీకటి గదికి తలుపు తాళం సరిగ్గా పడకపోతే అమ్మ బయట పీట వేసుకుని కాపలా కూర్చునేదట. "వెలుగు రానివ్వకు" అంటే, రాత్రి కూడా లేవకుండా కూర్చునేదట. మా శ్రీమతి వంటింట్లో స్టవ్వు ఆపేసి వచ్చి నిలబడి వింది.

మీరూ ప్రయత్నించాలంటే

రెండో ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. ఔను, కంప్యూటర్లో చేశాను. కంటికి ఆ మబ్బు అలా కనిపించదు. దుర్భిణిలోంచి చూస్తే బూడిదాకుపచ్చ రంగులో పల్చటి రెక్క, మధ్యలో నాలుగు చుక్కలు కనిపిస్తాయి. అంత పల్చటి వెలుగులో మన కన్ను ఎరుపుని పట్టుకోలేదు. కానీ ఫోటోలో ఉన్న ప్రతి వెలుగూ ఆ రాత్రి అక్కడి నించి వచ్చి నా కెమెరాలో పడిందే. నేను ఒక్క చుక్క కూడా పెట్టలేదు. బల్ల మీద పెట్టినప్పుడు ఎక్స్‌పోజర్ల వివరాలు రాయకపోవడం నా తప్పు. ఈసారి ఫోటో కిందే రాస్తాను.

పిల్లలకి ఆసక్తి ఉంటే ఖరీదైన సామాను అక్కర్లేదు. మామూలు డిజిటల్ కెమెరా, స్టాండు, 200 మిల్లీమీటర్ల లెన్సు చాలు. మోటారు లేకపోతే ఒకటి రెండు సెకండ్లకి మించకుండా కొన్ని వందల ఫోటోలు తియ్యండి. దాంతోనే నీహారిక రంగు, రెక్కల ఆకారం వస్తాయి. రా ఫైళ్ళుగా దాచుకోండి. చుక్కల మీద ఫోకసుకి అరగంట పట్టినా తొందరపడకండి. వెన్నెల లేని రాత్రి చూసుకోండి. తీసేటప్పుడు కెమెరా తెర మీద మధ్యభాగం తెల్లబడితే, ఎక్స్‌పోజరు తగ్గించి ఇంకో కట్ట తీసుకోండి. ఇంటికొచ్చాక తియ్యలేదే అని బాధపడితే మళ్ళీ అమావాస్య దాకా ఆగాలి.

నాన్నగారు ఏప్రిల్లో తణుకు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు కొత్త పద్ధతిలో చేసిన ఫోటోని పెద్ద సైజులో ప్రింటు వేయించి ఇచ్చాను. వెనక పెన్సిలుతో ఎక్స్‌పోజర్లు నా చేతే రాయించుకున్నారు: 180, 30, 5. ఇప్పుడది హాల్లో పెళ్ళి ఫోటో పక్కన వేలాడుతోందట. మొన్న ఫోన్లో అన్నారు, "కుడివైపు రెక్క చివర ఇంకా కొంచెం ఉందిరా, రాలేదు. 180 చాలదు."

"మూడొందలు ఇద్దామా నాన్నగారూ?"

"ఇద్దాం. జనవరికి వస్తాను, వీసా ఉందిగా. ఆ మంకీ టోపీ మాత్రం పారెయ్యకండి."